తుపాకుల ఆట, తెడ్ల తగువు

మొన్న సాయంత్రం టీవీలో ఇద్దరు పెద్దమనుషులు, ఫోనులో ఆడే తుపాకుల ఆటలవల్ల కుర్రకారు మనసు చెడిపోతోందా లేదా అని ఒకరి మాట ఒకరు వినకుండా కేకలేసుకుంటుంటే, మా అరుగు మీద కూర్చున్న నా ఈడువాళ్ళందరూ చెడిపోతోందనే తేల్చేసి, పేపరు చదివేవాణ్ణి కనక అలవాటు ప్రకారం నా మొహంకేసి చూశారు. నేను చుట్ట తెచ్చుకునే మిషతో లేచి సముద్రం ఒడ్డుకి వచ్చేశాను. ఆ ప్రశ్నకి ఒకప్పుడు నిండు పంచాయితీలో జవాబు చెప్పినవాణ్ణి నేను. అది తలుచుకుంటే ఈనాటికీ తల ఎత్తుకోలేను.

మాది భోగాపురం దరి, సముద్రం మీద బతికే పల్లె. నేను బడికి పోయింది బహు తక్కువ. మిగతా చదువంతా చేపలు చుట్టే పాత పేపర్ల మీదా, చేపల కోసం వచ్చే సాలూరు లారీల వెనక రాసిన అక్షరాల మీదా కూడబలుక్కుని నేర్చిందే. అలా నేర్చి, ఒడ్డున పదిమందికీ పేపరు చదివి వినిపించేవాణ్ణి అయ్యాను. పేపర్లో పడిందంటే నిజమేనని, నేను చదివానంటే మరీ నిజమని ఊరి నమ్మకం. అంతకంటే ఎక్కువ నమ్మకం నాకు.

చవగ్గా నెట్టు వచ్చి ప్రతివాడి జేబులోకీ పెద్ద ఫోను దిగిన కొత్తలో మాట అది. మా చెల్లెలి కొడుకు పాతికేళ్ళవాడు, తండ్రి లేడు, మా అన్నయ్య పడవ మీద వేటకి వెళ్ళి తల్లిని పోషించుకునేవాడు. వేట నుంచి వచ్చి, వల దులిపి, నాలుగు ముద్దలు తిన్నాక, ఒడ్డుకి లాగిన పడవ నీడలో చెవిలో వైరు పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ ఆ తుపాకుల ఆట ఆడేవాడు. ఒకనాడు, నేను సచ్చిపోయాన్రా, నువ్వు పారిపో అని వాడు అరిచిన అరుపుకి, పక్కనే ఎండుచేపలు తిరగేస్తున్న మా పిన్ని గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. వాడు పకపకా నవ్వేసరికి చీపురుతో రెండంటించి, సచ్చినోడికి నొప్పేటిరా అని కూడా అడిగింది. ఆ ఆట మంచిదని నేననను. కళ్ళు ఎర్రబడేవి, అన్నం చల్లారిపోయేది, పిలిస్తే పలికేవాడు కాడు. కానీ వాడు ఒకరి మీద చెయ్యి ఎత్తగా నేను చూడలేదు.

ఆ ఏడే పక్క పల్లెవాళ్ళు, చేపల గుంపుని చుట్టూ కమ్మేసి లాగే రింగు వలలు కొన్నారు. పిల్లా పెద్దా లేకుండా సముద్రాన్ని ఊడ్చేస్తున్నారని మావాళ్ళు, మీకు చేతకాక ఏడుస్తున్నారని వాళ్ళు, ఇలా మాటలు ముదిరి, ఆ ఊరితో మాటా మంతీ, చేపల బేరం, పెళ్ళి పిలుపు ఏదీ ఉండకూడదని మా పెద్దలు కట్టుబాటు పెట్టారు. ఆ తరవాత ఒక పొద్దున వాళ్ళ పడవ మా రేవు దగ్గర ఒడ్డెక్కిందని తెడ్లు పట్టుకుని వెళ్ళి కలబడ్డాం. వాళ్ళలో ఒక పెద్దాయన తలకి దెబ్బ తగిలి ఇసుకలో బోర్లా పడ్డాడు. ఆ దెబ్బ ఎవరిదో ఎవరికీ తెలీదు. నా చేతిలోనూ తెడ్డు ఉంది. ఇంటికొచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పుకుని చెప్పుకుని నవ్వుకున్నాం.

అప్పట్నుంచి మా మేనల్లుడు మారిపోయాడు. నిద్ర లేదు, తిండి లేదు, వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేవాడు, పడవ ఎక్కడానికి వెనకాడేవాడు. తుపాకుల ఆటలవల్ల ఇలాంటి జబ్బులే వస్తాయని ఒక డాక్టరుగారు రాసింది సరిగ్గా అప్పుడే నా కంటపడింది. అంతే, వలల పాకలో పంచాయితీ పెట్టించి, ఆ ముక్క అందరికీ చదివి, ఈ ఆట మన పిల్లల్ని హంతకుల్ని చేస్తుందని గొంతు చించుకుని, ఆడినవాణ్ణి పడవ ఎక్కనివ్వకూడదన్నాను. తెడ్లు పట్టుకున్నవాళ్ళమందరం తలలూపాం. వాణ్ణి నిలబెట్టి, ఇంతకీ రోజూ నీ చెవిలో మాట్లాడేది ఎవడ్రా అని నేనే అడిగాను.

వాడు జేబులోంచి ఫోను తీసి, "అవతలూరోడు మావా. తలకి దెబ్బ తగిలినాయన కొడుకు" అన్నాడు.

పాకంతా గగ్గోలైంది. పగవాడి కొడుకుతో జట్టు కట్టావా అని వెనకనుంచి ఒకడు దెప్పాడు. పరువు పోయిందన్న ఉక్రోషంలో నేను, మనుషుల్ని చంపడం తప్ప ఆ ఆటలో ఏం నేర్చుకున్నావని అరిచాను.

"ఆటలో సచ్చినోడు మళ్ళా లేస్తాడు మావా. ఆళ్ళయ్య ఇంకా లేవనేదు" అని, ఫోను నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

అక్కడైనా ఊరుకోవచ్చు కదా, పేపరు చదివేవాణ్ణి కదూ, ఊరుకోలేకపోయాను. ఆట ఒక తప్పు, కట్టుబాటు మీరడం ఇంకో తప్పు అని తీర్పు చదివేసి వాణ్ణి పడవ దింపించాను. వాడు గుజరాత్ బోట్ల మీద పనికని వీరావల్ రైలెక్కేశాడు. తరవాతెప్పుడో మా చెల్లెలు చేపలు కోస్తూ, తల ఎత్తకుండానే, వాడు ఆటకి భయపడలేదని, ఆ పొద్దున ఒడ్డున మమ్మల్ని చూసి భయపడ్డాడని చెప్పింది.

ఇప్పుడు ఆ తగువు లేదు. రింగు వలలు మావాళ్ళూ కొన్నారు, రెండు ఊళ్ళూ ఒకే లారీకి చేపలెత్తుతున్నాయి. పడవలన్నిటికీ ఇంజన్లు వచ్చి తెడ్లతో పని తగ్గింది. నాది పెరట్లో బట్టలారేసే తాడుకి ఆసరాగా ఉంది. మావాడూ, ఆ దెబ్బ తిన్నాయన కొడుకూ ఇద్దరూ వీరావల్లో ఒకే బోటు మీద వేట చేస్తున్నారు. మేనల్లుడు తల్లికి ఫోను చేస్తాడు. నేను పక్కనే ఉన్నానని తెలిస్తే వాడి గొంతు తగ్గిపోతుంది.

మన కాలంలో ఇలాంటి ఆటల్లేవని, అందుకే మనసులు చల్లగా ఉండేవని మా అరుగు మీద ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆనాడు దెబ్బ తిన్న పెద్దాయన కుడి చెయ్యి పడిపోయి గుమ్మంలో కూర్చుని ఉంటాడట. వాళ్ళ ఊరు ఒక చుట్ట కాలేలోపు ఒడ్డు వెంబడి నడిచి వెళ్ళిపోయే దూరం. మొన్న సాయంత్రం అటుకేసి కొంత నడిచాను కూడా. వాళ్ళ పడవలు కనబడగానే వెనక్కి తిరిగి వచ్చేశాను.