దండెం మీద పచ్చపాము

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కుదురుగా కూర్చోవడం వచ్చినవాడికి లోకమంతా పక్కకు జరిగి దారి ఇచ్చేది. రెండువేల సంవత్సరం రాగానే యంత్రాలన్నీ తేదీలు మరిచిపోయి గందరగోళంలో పడతాయని పెద్దవాళ్ళెవరో భయపెడితే, ఆ గందరగోళాన్ని ముందుగానే సర్దిపెట్టమని మా బోటి కుర్రాళ్ళను విమానాలెక్కించి సింగపూరు తీసుకొచ్చారు. (మేము వచ్చాక ఆ యంత్రాలు ఇంకాస్త గందరగోళపడ్డాయన్నది వేరే సంగతి.) ఆఫీసులో లోకాన్ని కాపాడుతున్నామనుకునేవాళ్ళం. ఇంటికొస్తే మాత్రం స్టవ్ మీద పాలు పెట్టుకోవడానికి కూడా ఇంటి ఆంటీని అడగాలి. చేతిలో మొదటిసారి నాలుగు డబ్బులు ఆడుతున్న వయసు కదా, ఒక్కొక్కడికీ ఒక్కో పిచ్చి పట్టింది. ఒకడు కెమెరాలు కొన్నాడు, ఒకడు గది పట్టనంత స్పీకర్లు కొన్నాడు. నాతో గది పంచుకున్నవాడు పామును పెంచాడు.

అతను కడప జిల్లావాడు. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ, లిఫ్టులో కనిపించే చైనా ముసలాయనతో సహా, ‘సామీ’ అని పిలిచేవాడు కాబట్టి అందరం అతన్నే సామి అనేవాళ్ళం. ఇద్దరం బుకిట్ బటోక్‌లో ఒక పాత బ్లాకులో, నాలుగో అంతస్తు ఫ్లాటులో వెనక గది అద్దెకు తీసుకున్నాం. ఇంటి ఆంటీ మలేసియా రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగావిడ. ఆమె తాతలెప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆమె తెలుగులో మలయూ మాటలు, అరవ మాటలు, చివర్లో ఒక ‘లా’ కలగలిసి ఉండేవి. తెనాలి నుంచి వచ్చిన నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. “ఏటి బాబూ, మకాన్ అయిపోనాదా?” అని ఆమె అడిగితే, మకాన్ అంటే ఇల్లనుకుని, “ఇంకా లేదాంటీ, అద్దె ఇంట్లోనే ఉన్నా” అని చెప్పాను. ఆమె అడిగింది అన్నం సంగతి. ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఆ రోజు నుంచి మాకు అన్నం పెట్టే బాధ్యత కూడా ఆమే నెత్తినేసుకుంది. అంకుల్ టాక్సీ నడిపేవారు కాబట్టి పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే.

పాము సంగతి నాకు ఒక ఆదివారం ఇస్త్రీపెట్టె కోసం సామి బీరువా తెరిచినప్పుడు తెలిసింది. చొక్కాల వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా. మూతకు చిన్న చిన్న బెజ్జాలు. లోపల ఒక చెట్టు కొమ్మ, దానికి చుట్టుకుని లేత అరిటాకు రంగులో ఏదో తాడు. తాడుకు సన్నటి ఎర్రచుక్కలు. బొమ్మ కాబోలని డబ్బాను తట్టాను. తాడుకు నాలుక వచ్చింది.

నేను పెట్టిన కేకకు సామి స్నానం మధ్యలో తువ్వాలుతో పరిగెత్తుకొచ్చి నా నోరు మూశాడు.

“అరవాకు సామీ! ఆంటీ వింటాది!”

“పాము రా!”

“తెలుసు సామీ, పామే. నేనే కదా తెచ్చింది.”

అప్పుడు బుకిట్ పంజాంగ్‌లో గాలిలో పోయే చిన్న రైలుకు స్తంభాలు లేపుతున్నారు. ఆ పనిలో సామి జిల్లావాళ్ళు కొందరుండేవారు. ఆదివారాలు వాళ్ళతో కలిసి భోజనం చేయడానికి వెళ్ళేవాడు. ఒక వారం వెళ్ళేసరికి, నరికిన చెట్టుకొమ్మల్లో దొరికిన ఈ పాము చుట్టూ అందరూ కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. “కొట్టి సంపుతాండ్రు సామీ. చూస్తా చూస్తా ఎట్ల ఊరుకునేది? కొమ్మతో సహా ఎత్తి డబ్బాలో పెట్టుకున్యా. పొద్దున్నే అడవిలో వదుల్దాం అనుకున్యా.” ఆ పొద్దున ఇంకా రాలేదు. సింగపూరులో పాము పెంచడం నేరమని అతనికి తెలుసు. పట్టుబడితే ఉద్యోగం పాసు రద్దయి మర్నాడే విమానమెక్కాలనీ తెలుసు.

“విషప్పామా?” అన్నాను, మంచం మీద నిలబడే.

“చెట్ల మీద పాము సామీ. దీనికి సోమరితనం జాస్తి,” అన్నాడు. (అడిగినదానికి అది జవాబు కాదని అప్పుడు నాకు తట్టలేదు. నేను పరీక్షల్లో రాసిన జవాబులన్నీ కూడా ఆ రకానివే మరి.)

నిజం చెప్పాలంటే ఆంటీకి చెప్పేద్దామని చాలాసార్లు గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కారణం సామి. ఆఫీసులో అతని ఇంగ్లీషుకు వెనక వరసల్లో నవ్వుకునేవాళ్ళు. దాంతో పగలంతా నోరు విప్పేవాడు కాదు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఆ డబ్బా ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని మాత్రం గలగలా మాట్లాడేవాడు. “ఈ పొద్దు మేనేజరు ఏమన్న్యాడో తెల్సా?” అని మొదలుపెట్టి మీటింగంతా పాముకు అప్పజెప్పేవాడు. అది కొమ్మ మీద కదలకుండా వినేది. మా ఆఫీసులో సామి మాట అంత ఓపికగా విన్న ప్రాణి ఇంకోటి లేదు. అలాంటి స్నేహాన్ని చెడగొట్టడానికి నాకు మనసొప్పలేదు. దుప్పటి నాలుగు వైపులా పరుపు కింద దోపుకుని, శవంలా బిగుసుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో బల్లులు మాత్రం తగ్గిపోయాయి. సామి కుర్చీ ఎక్కి ఒక్కొక్కదాన్నీ పట్టి పాముకు పెట్టేవాడు. ఆంటీ ఆ ఘనత తను తెచ్చిన కొత్త మందుకు ఇచ్చి, పక్కింటివాళ్ళ చేత కూడా కొనిపించింది.

అలా ఉండగా సామిని పని మీద కౌలాలంపూరు పంపించారు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో నీళ్ళు చిమ్మే సీసా పెట్టాడు. “పొద్దున ఒకసారి నీళ్ళు కొట్టు సామీ, సాలు. మూత రవంత తెరిచి, కొట్టి, మూసెయ్.” నేను ఆ పని కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. సీసా కొస లోపలికి పోనిచ్చి, దేవుణ్ణి తలుచుకుని, నాలుగుసార్లు నొక్కి, మూత అదిమేవాణ్ణి. టక్కుమంటే పని అయినట్టే.

ఒక శనివారం మధ్యాహ్నం వాన పడుతుంటే లైబ్రరీలో తలదాచుకున్నాను. పిల్లల పుస్తకాల బల్ల మీద మా డబ్బాలోని శాల్తీ నిలువెత్తు రంగుల బొమ్మై కనిపించింది. అదే లేత పచ్చ, అవే ఎర్రచుక్కలు. పైన పెద్ద అక్షరాలతో, చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు, ‘విషసర్పాలు’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. బయటికొచ్చి సామికి ఫోన్ చేశాను.

“అది విషప్పామంట కదరా!”

“ఎవురు సెప్పినారు సామీ?”

“పిల్లల పుస్తకం!”

“సావరు సామీ. కరిస్తే సెయ్యి వాస్తాది, బాగా నొప్పి పెడ్తాది. వయసైన వాళ్ళకైతే మాత్రం సెప్పలేం,” అన్నాడు.

వయసైనవాళ్ళనగానే నాకు ఆంటీ గుర్తొచ్చింది. వానలో తడుస్తూ పరిగెత్తాను. గదిలోకి వెళ్తే బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల డబ్బా మూత ఒక పక్క లేచి ఉంది. కొమ్మ ఉంది. పాము లేదు. వంటింట్లో ఆంటీ ఏదో పాత మలయూ పాట కూనిరాగం తీస్తూ కొబ్బరి తురుముతోంది.

ఏదో ఒక వంకతో ఆమెను బయటికి పంపి నేనే వెతుకుదామా అన్న ఆలోచన రాకపోలేదు. చెబితే సామి ఉద్యోగం గోవిందా. నా తల మీద గూడూ గోవిందా. కానీ ఆవిడ చెప్పుల్లేని పాదాలతో స్టవ్ దగ్గరి నుంచి సింకు దగ్గరికి నడుస్తుంటే చూసి నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆంటీ... కదలకండి. ఇంట్లో పాముంది.”

ఆమె తురుము ఆపింది. “ఉలారా?” అంది మెల్లిగా. పాముకు మలయూ మాట అది. ముఖంలో రంగు పోయింది. “ఏ రంగు?”

“పచ్చది.”

ఆమె నా భుజం మీదుగా వెనక్కి చూసింది. “అయితే ఆ దండెం మీది పచ్చ తువ్వాలు నీది కాదేటి?”

వాన వచ్చిందని ఆమె కిటికీ బయట దండెంగా వాడే వెదురుగడను బట్టలతో సహా లోపలికి లాగి, ఒక కొస అలమర మీద, ఇంకో కొస కుర్చీ వీపు మీద ఆనించి పెట్టింది. అంకుల్ లుంగీకీ నా బనీనుకూ అవతల, గడ చివర, మా పాము ముచ్చటగా చుట్టలు చుట్టుకుని కూర్చుంది.

సామికి మళ్ళీ ఫోన్ చేశాను. కంగారులో అరిచి మాట్లాడుతున్నానేమో, అతనూ అరిచే బదులిచ్చాడు. “పగటిపూట అది కదల్దు సామీ. కానీ నువ్వు ముట్టుకోవాకు! ముందు ఆంటీని బయటికి పంపు. పోలీసోళ్ళను పిలువు. నా పాసు పోతే పోనీ. ఆ యమ్మకేమన్నా అయితే నేను బతకలేను!”

ఫోనులోంచి ఆ మాటలు వంటిల్లంతా వినిపించాయి. ఆంటీ కొంగు దోపుకుంది. “పోలీసు వద్దు లా. ఆ గుంటడు ఏడ్చుకుంటా ఇంటికి ఎల్లిపోవాల. కదల్దు అన్నాడు కదా. గడతోనే తీసుకెల్లి రోడ్డవతల కొండ మీద ఇడిసీసొద్దాం. నువ్వు ముందు పట్టు, నేను ఎనక పడతాను.” ఆడమనిషి కదా, ముందు నడవడానికి భయపడుతోంది కాబోలనుకుని నేను ఛాతీ కొంచెం విరుచుకున్నాను.

బట్టలు తీస్తే గడ కదులుతుందని వాటిని అలాగే ఉంచాం. గడ లిఫ్టులో పట్టదు. అందుకని అంకుల్ లుంగీ, నా బనీను, రెండు దిండు గలీబులు, ఒక విషసర్పం, అన్నీ కలిసి మెట్ల మీదుగా పల్లకీలో ఊరేగాయి. రెండో అంతస్తు మలుపులో చైనా ముసలాయన ఎదురయ్యాడు.

“అయ్యా! రెయినింగ్ వాట్! డ్రై వేర్?” అన్నాడు, వానలో బట్టలెక్కడ ఆరేస్తారని ఆశ్చర్యంగా.

“డౌన్‌స్టెయిర్స్ మోర్ విండ్ లా!” అంది ఆంటీ, గొంతులో వణుకు లేకుండా.

పాపం మంచివాడు. “ఐ హెల్ప్, ఐ హెల్ప్,” అంటూ గడ మధ్యలో చెయ్యి వేయబోయాడు. “నో నీడ్!” అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. ఆయన గోడకు అతుక్కుపోయి, మేము దిగిపోయేదాకా అలాగే ఉన్నాడు. (ఆ తర్వాత నన్ను చూస్తే లిఫ్టు ఎక్కేవాడు కాదు.)

వాన వెలిసింది. రోడ్డు దాటి, కొండ మీదికి వెళ్ళే దారి పక్కన ఒక గుబురు చెట్టుకు గడను చేరవేసి, ఇద్దరం వెనక్కి జరిగాం. పాము చాలాసేపు ఆలోచించింది. తర్వాత తొందరేమీ లేనట్టు, గడ మీంచి కొమ్మ మీదికి కొంచెం కొంచెంగా పాకి, ఆకుల్లో కలిసిపోయింది. ఎంత వెతికినా మళ్ళీ కనిపించలేదు.

ఆంటీ తడి బెంచీ మీద కూర్చుంది. అప్పుడు చూశాను ఆమె చేతుల్ని. ఒడిలో ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది.

“మా అన్న,” అంది. “తోటలో రబ్బరు పాలు గీయడానికి ఎల్లినాడు. కాలు మీద కాటేసింది. ఆసుపత్రికి లారీ దొరికీసరికి ఆలీసెమైపోనాది. నాకప్పుడు జడలెయ్యడం కూడా రాదు. వాడే ఏసేవోడు.” కాసేపటికి లేచి గడ అందుకుంది. “ఆ గుంటడికి చెప్పకు బాబూ. మనసు కష్టపెట్టుకుంటాడు.”

సామి తిరిగొచ్చిన రోజు ఆంటీ అతన్ని గుమ్మంలోనే నిలబెట్టి మూడు భాషల్లో తిట్టింది. ఆ తర్వాత అన్నం పెట్టింది. గది ఖాళీ చేయమని మాత్రం అనలేదు. మరుసటి వారం ఒక గాజు తొట్టి, అందులో ఒక ఎర్రచేప తెచ్చి అతని బల్ల మీద పెట్టి, “మాటాడాలంటే దీనితో మాటాడు,” అంది. సామి గదిలో ఆ ఖాళీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

“పొయ్యేటప్పుడు ఎనక్కి ఏమన్నా సూసిందా సామీ?” అని అడిగాడు.

“చూసింది,” అన్నాను.

“సూడదులే. వాటికి మనం గుర్తుండం,” అన్నాడు. కానీ ఆ పూట ముఖం కాస్త తేటపడింది.

సామి ఇప్పుడు కడపలోనే ఉంటున్నాడు. చుట్టుపక్కల ఎవరింట్లో పాము దూరినా అతనికే కబురొస్తుంది. పట్టి, తీసుకెళ్ళి, అడవిలో వదులుతాడు. ఈసారి నిజంగా వదులుతాడు. ఆంటీ పోయిందని తెలిసిన రోజు ఇద్దరం ఫోనులో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంక దాచడమెందుకని, పాము కాటుకు పోయిన ఆమె అన్న సంగతి చెప్పాను. మెట్ల మీద నేను ముందు నడిచి పాముపల్లకీ దింపిన వీరగాథ కూడా, ఎన్నోసారో, మళ్ళీ చెప్పాను. సామి అంతా విని, “ఒక మాట సామీ. పాము గడకు ఏ కొసన ఉండె?” అన్నాడు.

“వెనక కొసన.”

“తల?”

“తల... ఆంటీ వైపే.”

ఫోను పెట్టేసి కిటికీ దగ్గర నిలబడితే ఆ రోజు గడ ముందు కొస పట్టుకున్న కుర్రాడు కళ్ళ ముందు కదిలాడు. తడిసిన జుట్టు, విరుచుకున్న ఛాతీ. వెనక ఎవరో తన భయాన్ని కూడా మోస్తున్నారని తెలియక, ఆ ఊరేగింపంతా తనే నడిపిస్తున్నానన్న ధీమాతో మెట్లు దిగుతున్నాడు. పిచ్చి సన్నాసి. వాణ్ణి చూసి నవ్వుకున్నాను, కళ్ళు తుడుచుకుంటూ.