నేను చేయని ఫోన్

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఎప్పుడూ ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నమ్మను. అయినా ఈ సంగతి రాయక తప్పడం లేదు.

కరోనా మొదటి వేసవిలో, పరిశోధన కోసం గొర్రెల కాపరుల కుటుంబాలను ఇంటర్వ్యూ చేస్తున్నాను. ఊళ్లకు వెళ్లే వీల్లేదు. అనంతపురంలో అద్దెగది తలుపులు మూసుకుని, మధ్యాహ్నాలు ఫోన్లోనే మాట్లాడి రికార్డు చేసేవాణ్ణి. కళ్లు మూసుకుని వినేవాణ్ణి. గొంతుల వెనక కోడి కూసేది, ఎవరో బిందె దించేవారు, గాలి వీచేది. కాసేపటికి గదిలో ఉన్నానో, ఎన్నడూ చూడని ఆ ఎర్రనేల మీద నడుస్తున్నానో తెలిసేది కాదు.

ఒకరోజు మడకశిర దగ్గరి పల్లెలో ఉన్న హనుమక్కతో మాట్లాడాను. చివర్లో అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగాను: మీరు నన్నేమైనా అడగాలా? చాలామంది ఏమీ లేదనేవాళ్లు.

ఆమె అడిగింది. “మా ఇంటాయన గొర్రెలు తోలుకొని పావగడ దాటి పోయినాడన్నా. నాకు నెలలు నిండినాయి. ఈడ ఎవురూ లేరు. నా ఫోన్లో దుడ్లు లేవు, వచ్చేవి వస్తాయి గానీ నేను చేసేకి కాదు. ఆయనకు ఫోన్ లేదు. ఆయన ఎంటనే ఉండే గొర్రెల యజమాని నెంబరు చెప్తా, ఒక్క మాట చెప్తావా?”

“సరేనమ్మా” అన్నాను. ఆమె నెంబరు చెబుతుంటే రాసుకుంటున్నట్టు ఊఁ కొట్టాను. చేతిలో పెన్ను కూడా లేదు. రికార్డులో ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత పూర్తిగా మరచిపోయాను.

వానలు పడ్డాక రెండో విడత ఇంటర్వ్యూకి ఫోన్ చేస్తే మగమనిషి ఎత్తాడు. హలో అనగానే నవ్వాడు.

“ఏమన్నా, ఇన్ని దినాలకా! నీ గొంతు మరిసిపోతానా?”

హనుమక్క భర్త. మనమెప్పుడూ మాట్లాడుకోలేదే అన్నాను.

“బాగుండాది! మిట్టమధ్యాన్నం గొర్రెలు నీడకు పండుకోనుంటే, యజమాని ఫోన్‌కు చేస్తివి కదన్నా. మీ యామెకు నెలలు నిండినాయి, నిలబడొద్దు, నడువు అంటివి. నడిసొస్తి. వచ్చిన దినమే నొప్పులు. ట్రాక్టర్లో ఆస్పత్రికి తీసకపోతి. ఇంగ రోంత లేటయింటే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదంట.”

హనుమక్క ఫోన్ లాక్కుంది. “మాట నిలబెట్టుకుంటివన్నా” అంది. పక్కన పసిబిడ్డ ఏడుస్తోంది. నేను కాదని చెప్పాలి. “పర్లేదమ్మా” అన్నాను.

ఆ పూటే రికార్డు విన్నాను. ఆమె అంకెలు చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. నా కాల్స్ వివరాలన్నీ తెప్పించి చూశాను. ఆ నెంబరుకు నేను ఫోన్ చేసినట్టు లేదు. చివరికి యజమానికే చేశాను. “ఆ పొద్దు మాట్లాడింది నువ్వే కదప్పా” అన్నాడు, విసుక్కుంటూ.

నా గొంతుతో మాట్లాడిందెవరో నాకిప్పటికీ తెలియదు. హనుమక్క అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నిజం చెప్పేయాలనే ప్రతిసారీ ఎత్తుతాను. ముందుగా పాపకిస్తుంది. “మామా” అంటుంది ఆ పిల్ల.

పలుకుతాను.