చూసినందుకే రుసుము

నిన్న మధ్యాహ్నం ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడిపోయాను. అవతల ఒక అమ్మాయి గొంతు. ఆ గొంతు వెనక ఇంకా పాతిక ముప్ఫై మంది ఒకేసారి మాట్లాడుతున్న రొద, తేనెతుట్టె పక్కన నిలబడినట్టు. "సార్, మదనపల్లెలో మీ సెంటర్ పేరు మా వెబ్‌సైట్‌లో మొదటి వరుసలో రావాలంటే గోల్డ్ ప్యాకేజీ ఉంది సార్" అంది. మా కంప్యూటర్ సెంటర్ ఎలా ఉంటుందో మీవాళ్ళెవరైనా వచ్చి చూశారా అమ్మా అని అడిగాను. "చూడాల్సిన పనేం లేదు సార్, ప్యాకేజీ తీసుకుంటే చాలు" అంది, నా అమాయకత్వానికి జాలిపడుతూ. ఫోను పెట్టేసినా ఆ రొద చెవిని వదల్లేదు. దాంతోపాటే సరోజక్క గుర్తుకొచ్చింది. చదువు చెప్పిన మనిషి గుర్తొస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. నాకు ముందు కలిగేది అసూయ. ఇరవై ఏళ్ళు దాటినా చల్లారలేదు, దాచుకోవడం దేనికి.

సరోజక్కది మా ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్. తొంభైల మొదట్లో నేను టైపు లోయర్ పరీక్ష పాసయింది ఆమె దగ్గరే. వేళ్ళ మీద తువ్వాలు కప్పి, "కీల తిక్కు సూస్తే దెబ్బలు పడతాయి" అని బెదిరించేది కానీ ఎవర్నీ కొట్టిన పాపాన పోలేదు. తరువాత నేను బెంగుళూరులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, అదే మేడ మీద, ఆమె గదికి ఎదురుగా, కంప్యూటర్ క్లాసులు కూడా చెప్పే ఇంటర్నెట్ సెంటర్ తెరిచాను. టైపు మిషన్ల కాలం అయిపోయిందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఒకరోజు పొద్దున నలభై ఐదేళ్ళ ఆ మనిషి నోటుబుక్కు పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"వెబ్ పేజీలు చేసేది నేర్పిస్తావా నాగరాజా? ఫీజెంత?"

"నీ దగ్గర ఫీజేందక్కా?"

"నువ్వు నేర్సుకునేటప్పుడు నేను వదిల్నానా? తీసుకో."

రెండు నెలల్లో నేర్చేసుకుంది. మా టీచరుకు నేనే టీచరునని టీకొట్టు దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. ఆ గొప్ప ఎక్కువకాలం మిగల్లేదు.

అప్పట్లో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో ఇంటర్నెట్‌లో తెలుసుకోవాలంటే డైరెక్టరీలే దిక్కు. ఫోన్ల పుస్తకంలాగా అంగళ్ళ పేర్లు, చిరునామాలు వరుసగా ఉండే వెబ్‌సైట్లవి. పేరు వేయించుకోవాలంటే అంగడివాళ్ళు డబ్బు కట్టాలి. సరోజక్క మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్ళకూ కలిపి అలాంటిదొకటి పెట్టింది. నూటయాభై రూపాయలు తీసుకునేది. కానీ ఆమె లెక్కలో ఆ డబ్బు పేరు వేయడానికి కాదు, వచ్చి చూడటానికి. తన ఖర్చుతో బస్సెక్కి వచ్చి చూస్తుంది. నచ్చితే రెండు వాక్యాలు రాసి పేరు వేస్తుంది, నచ్చకపోతే వేయదు. డబ్బు మాత్రం తిరిగి ఇవ్వదు. ఈ పద్ధతి విన్నరోజున నేను పొట్టపట్టుకుని నవ్వాను. డబ్బిచ్చి కాదనిపించుకునే పిచ్చివాడు ఈ జిల్లాలో ఉంటాడా అన్నాను. "డాక్టరు కాడికి పోతే జబ్బు లేదన్నా ఫీజు ఇయ్యల్ల గదప్పా. ఇదీ అంతే" అంది. మూడు నెలలు తిరక్కుండానే ఆమె గది ముందు బెంచీ మీద అంగడివాళ్ళు వరుసగా కూర్చోవడం మొదలైంది. నా గదిలో కుర్రాళ్ళు చాటింగ్ చేసుకుంటుంటే, ఎదురుగా ఆ బెంచీని చూస్తూ నా కడుపులో నేనే నిప్పులు పోసుకునేవాణ్ణి.

పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉండేవి. ఎవరెంత ఇస్తామన్నా వరుస మార్చేది కాదు. బజారువీధిలో వెంకటేశ్వరా క్లాత్ స్టోర్స్ ఆసామి ఒకాయన దీనిమీద పెద్ద గొడవే చేశాడు. "స్వామి పేరు పెట్టుకున్న పాపానికి నన్ను ఆకర్లో కూసోబెడతావా అమ్మా? ఇంకో ఐదువందలిస్తా, పైకి ఎక్కించు" అని పట్టుబట్టాడు. "ఆ స్వామిని సూడాలంటేనే ఏడు కొండలెక్కల్ల గదప్పా. నీ అంగడి కాడికి దిగి రావల్లంటే కష్టమా?" అంది. ఆయన నవ్వేశాడు, నోటు జేబులో పెట్టేసుకున్నాడు. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. నేనైతే ఆ ఐదువందలు తీసుకునేవాణ్ణి. తీసుకుని కూడా అలా నవ్వించలేకపోయేవాణ్ణి. రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

ఒకసారి పుంగనూరుకు నన్నూ వెంట రమ్మంది, ఫోటోలు తీయడానికి. చెంగప్ప అనే రైతు అసలైన పుంగనూరు ఆవులు అమ్ముతానని డబ్బు కట్టాడు. పుంగనూరు ఆవు పొట్టిది, నడుము ఎత్తుకొస్తే గొప్ప. చెంగప్ప కొట్టంలో ఆవు పక్కన సరోజక్క నిలబడింది. ఆవు వీపు ఆమె భుజాన్ని తాకుతోంది. "ఇది మంచి ఆవే చెంగప్పా. పుంగనూరుది మాత్రం కాదు" అంది. చెంగప్ప ముఖం ఎర్రబడింది. "డబ్బు తీసుకున్యావు, పేరు ఎయ్యవా? ఇదేం న్యాయం?" అని అరిచాడు. "సూసినందుకు తీసుకున్యా. సూసినా. సూసింది సెప్పినా" అంది. అంతే, వాళ్ళింట్లో మజ్జిగ అడిగి తాగి మరీ బయల్దేరింది. ఇక ఈమె పని అయిపోయిందని బస్సులో నేను లోలోపల సంబరపడుతుంటే, పక్కసీటులో ఆమె హాయిగా నిద్రపోయింది. పది రోజులకు చెంగప్ప పక్కింటాయన నూటయాభై పట్టుకుని మా మేడ మెట్లెక్కాడు. "నా ఆవులు సూడమ్మా. వాని ఆవుల్ని కాదన్యావంట గదా" అన్నాడు. ఆమె కాదన్న చోటల్లా ఆమె మాటకు విలువ పెరుగుతోందని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఓర్వలేక నేనూ ఒక డైరెక్టరీ పెట్టాను. రుసుము లేదు, చూసేది లేదు, అంతా ఉచితం. ఫోన్ల పుస్తకం ముందేసుకుని వారంలో వందల పేర్లు ఎక్కించాను. గురువుకే పంగనామాలు పెడుతున్నావా అని మా ఇంట్లోవాళ్ళు తిట్టారు. సరోజక్క మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే పలకరించింది, అందుకూ కోపమే వచ్చింది. బెంగుళూరు నుంచి ఒక వ్యాపారి నా పట్టిక నమ్మి కుప్పంలో ఒక లాడ్జికి పోయాడట. అది మూతబడి రెండేళ్ళయిందట. తిట్టడానికి మా మేడ దాకా వచ్చాడు. నన్ను తిట్టడం పూర్తయ్యాక తలతిప్పి ఎదురుగా బోర్డు చూసి, ఆ గదిలోకి వెళ్ళి, ఆమె పట్టికలోంచి నాలుగు చిరునామాలు రాయించుకుని పోయాడు. పోతూ ఆమెకు నమస్కారం పెట్టాడు.

అసలు సంగతి ఆ తరువాత జరిగింది. తన ఇన్‌స్టిట్యూట్ పేరు కూడా ఆమె డైరెక్టరీలో ఉండేది. దాన్నెవరు చూశారమ్మా అని బెంచీ మీద కూర్చున్న ఒకాయన వేళాకోళంగా అడిగాడట. ఆ సాయంత్రమే నూటయాభై రూపాయలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నువ్వొచ్చి సూడు నాగరాజా. ఏముంటే అది రాసియ్యి."

"నేనేందక్కా? ఇంకెవరూ దొరకలేదా?"

"నా తప్పులు నీకంటే బాగా ఎవురు పట్టుకుంటారప్పా?"

ఆమెకు నా కడుపుమంట మొదటినుంచీ తెలుసన్నమాట. తెలిసే నా చేతికి కలమిచ్చింది. మరుసటిరోజు సగం పూట ఆమె గదిలో కూర్చుని పురుగు కోసం అన్నం కెలికినట్టు వెతికాను. మిషన్లన్నీ నూనె వేసి ఉన్నాయి. కొత్తగా కొన్న కంప్యూటర్ల మీద దుమ్ము లేదు. సరోజక్క వెనకబడిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒకే పేరాను నాలుగుసార్లు కొట్టించింది. ఒక్క తప్పూ దొరకలేదు. దొరక్కపోవడాన్ని తట్టుకోలేకపోయాను. నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసుకుని రాశాను: ఇక్కడ క్లాసుకు రాని పిల్లలకు కూడా సర్టిఫికెట్లు ఇస్తున్నారు. ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. నేనే పుట్టించాను.

కాగితం చదివి తలెత్తింది. "నువ్వు సూసినావా?" అని అడిగింది.

"సూసినా" అన్నాను.

కాగితం పట్టుకుని తన గదిలోకి పోయింది. తన ఇన్‌స్టిట్యూట్ పేరు తీసేసి, ఎందుకు తీసేసిందో నా మాటల్లోనే ఆ పేజీలో పెట్టింది. ఆమె డైరెక్టరీలో ఉన్న మాటంటే మూడూళ్ళకూ నమ్మకం కదా, దీన్నీ నమ్మారు. రెండేళ్ళలో ఇన్‌స్టిట్యూట్ ఖాళీ అయింది. చాలామంది పిల్లలు వచ్చి చేరింది నా దగ్గరే. సరోజక్క మిషన్లు అమ్మేసి కుప్పంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. గది ఖాళీ చేసిన రోజు మెట్ల మీద సామాను మోస్తూ నేను సాయం చేశాను. ఎదురు పడిన ప్రతిసారీ చెబుదామనుకుని, చెప్పలేదు. ఇంత జరిగినా ఆమె మీద నాకు జాలి కలగలేదు. ఓడిపోయి కూడా ఆమే నాకంటే పొడుగ్గా కనబడుతోంది, అది నచ్చలేదు.

చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. వేరే పనిమీద కుప్పం పోయి, వాళ్ళ చెల్లెలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వరండాలో చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని, ఎటో చూస్తూ చెప్పేశాను.

"అక్కా, ఆ పొద్దు నేను రాసింది అబద్ధం. నేనేం సూళ్ళేదు."

"అబద్ధమని నాకు తెలీదా? సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టింది నేనే గదప్పా, ఎవురికిచ్చినానో నాకు తెలీదా?"

"తెలిసీ దాన్ని పేజీలో ఎందుకేసినావు?"

"నిన్ను సూడమన్నది నేనే. సూసినా అంటివి. నా అంగడి మాటొచ్చేతలికి నీ మాట కొట్టేస్తే, చెంగప్పకి నేనేం జవాబు సెప్పల్ల?"

"ఇప్పుడు దిద్దుతానక్కా."

"యాడ దిద్దుతావు? డబ్బు కట్టక ఆ సైటు పొయ్యి ఎన్నేండ్లాయ. ఆ పేజీ యాడుండాది ఇప్పుడు?" అని నవ్వింది. నిజంగానే నవ్వింది, ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. కొన్ని కాయలు నా వైపు తోసి, "ఊరికే కూసోకుంటే ఒలువు" అంది. ఒలిచాను. నేను చెడగొట్టిన మనిషి అంత తేలిగ్గా ఉండటం, చెడగొట్టిన నేను ఇంత బరువుగా ఉండటం చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను. ఆ తరువాత ఆమెను చూడలేదు. ఆమె పోయిందన్న సంగతి కూడా పోయిన ఆర్నెల్లకు తెలిసింది.

ఇప్పుడు నా సెంటర్‌లో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేముందు ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ పిలిచి, నా ఎదురుగా కూర్చోబెట్టి పని చేయిస్తాను. రోజుకు నలుగురికి మించి కాదు. చాదస్తమని పిల్లలు విసుక్కుంటారు. అది నా గుణం కాదు, ఆమెది. నా చేతుల్లో అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది.

దిద్దడానికి ఆ పేజీ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సరోజక్క ఇన్‌స్టిట్యూట్‌లో నేను సగం పూట కూర్చున్నాను. రాని పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వడం నేను చూడలేదు. వెనకబడిన పిల్లకు విసుక్కోకుండా నాలుగుసార్లు నేర్పడం చూశాను. ఆమెను ఎన్నడూ ఎరగని మీరు ఇది చదివి, మంచి మనిషి అనుకుంటారు. అలా అనుకోవాలనే రాశాను. నా గురించి ఎవరూ అలా రాయరని తెలుసు, రాస్తున్నంతసేపూ కడుపు మండుతూనే ఉంది.