చప్పుడు రాలేదండీ డాక్టరుగారూ

సోమవారం పొద్దున నేను క్లినిక్ తాళం తీస్తూండగానే మా నర్సు సిస్టరుగారి తమ్ముడు వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పటమట నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు కాబోలు, చొక్కా వీపంతా తడిసిపోయింది. "తెల్లారగట్ట అక్క పోయిందండి డాక్టరుగారూ" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "సూదులు మరిగించే స్టవ్వుకి ఒత్తులు మార్చాలంట. మీకు మర్చిపోకుండా చెప్పమని నిన్న సాయంత్రం అంది" అని కూడా చెప్పాడు. ఆవిడ నాకు పంపిన ఆఖరి మాట ఇదీ.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలిసినవాళ్ళు తెలుసని చెప్పరు. గవర్నరుపేటలో ఒక సందులో ఉంది నా క్లినిక్. బోర్డు మీద "చర్మవ్యాధులు" అని మాత్రమే రాసి ఉంటుంది. అసలు నేను చూసేది సుఖవ్యాధులని ఊరందరికీ తెలుసు. లారీ డ్రైవర్లూ, రైల్వేవాళ్ళూ, కాలేజీ కుర్రాళ్ళూ, పల్లెటూళ్ళ పెద్దమనుషులూ, వాళ్ళ వెనక తలొంచుకుని వచ్చే భార్యలూ, అందరూ ఆ సందులోకి అటూ ఇటూ చూసుకుంటూ వస్తారు. అలాంటి చోట పనిచెయ్యడానికి నర్సులు ఒప్పుకునేవారు కాదు. క్లినిక్ తెరిచిన రెండో నెలలో, మిషను ఆసుపత్రిలో పాతికేళ్ళు పనిచేసిన ఈవిడ, నల్ల గొడుగు చంకలో పెట్టుకుని తనంతట తానే వచ్చింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. "ఇక్కడికి ఎవరూ రారంటగా, నేనొస్తానండి" అంది.

మొదటిరోజే గొడవ. ఒక సూదితో ఒకరికి పొడిచి, స్పిరిట్ దూదితో తుడిచి, దాంతోనే ఇంకొకరికి పొడవడం అప్పట్లో నా పద్ధతి. నేనొక్కణ్ణే కాదు, ఊళ్ళో సగంమంది పద్ధతి అదే. ఆవిడ సాయంత్రం దాకా చూసి, గొడుగు తీసుకుని, "ఇట్టాగైతే రేపట్నించి రానండి" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, ఒంటికాలి మీద లేచాను. ఆవిడ గొంతు పెంచలేదు. "ఒక రోగంతో వచ్చినవాడు మన దగ్గర్నించి రెండు రోగాలతో పోతాడండి. మీరు ఫీజు పుచ్చుకుంటారు, నేను పాపం పుచ్చుకోవాలి. నావల్ల కాదు" అంది. మర్నాడు నేనే పోయి మూడు డజన్ల సూదులూ, డజను సిరంజీలూ, నీళ్ళు మరిగించే పెద్ద డబ్బా కూడా కొనుక్కొచ్చాను.

అప్పట్నుంచీ క్లినిక్ నాదే గానీ రాజ్యం ఆవిడది. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు. మధ్యలో ఎవరైనా మూత తీసి ఒక్క సూది వేసినా, లెక్క మళ్ళీ మొదటికి. బయట పదిమంది కూర్చుని ఉన్నా సరే, దాన్లో మార్పు లేదు. పెన్సిలిన్ అయితే, పోయిన వారం వేయించుకున్నవాడికైనా సరే, ముందు ముంజేతి మీద టెస్ట్ డోసు వేసి అరగంట కూర్చోబెట్టాల్సిందే. గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒక కామందు, "నా బస్సు పోద్దమ్మా, పొడిచెయ్" అని కేకలు పెట్టాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని దద్దురు లేచిందేమోనని చూస్తూనే, "బస్సు పోతే ఇంకో బస్సుంటది బాబూ" అంది. ఆయన అరగంటా కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, "ఆ అమ్మ ఉందా?" అని అడిగి గానీ లోపలికొచ్చేవాడు కాదు.

పేర్లు పిలవడం లేదు. అందరికీ రేకు బిళ్ళలే, వాటి మీద నంబర్లే. బజార్లో పేషెంటు ఎదురుపడితే వాళ్ళు పలకరిస్తే తప్ప మనం పలకరించకూడదని నాకు గట్టిగా చెప్పింది. నేనేమో నోరు ఊరుకోనివాణ్ణి. ఒకసారి సినిమా హాలు దగ్గర ఒకాయన్ని "ఏమండీ, తగ్గిందా?" అని అడిగేశాను. పక్కన ఆయన బావమరిది! మర్నాడు ఆ సంగతి నేనే నవ్వుతూ చెబితే ఆవిడ నవ్వలేదు. రెండు రోజులు నాతో పనికి కావలసినంతే మాట్లాడింది.

మంగళగిరి నుంచి ఒక చేనేత మనిషి భార్యని తీసుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. "దీనికి బలానికి ఇంజక్షనని చెప్పానండి, మీరూ అట్టాగే చెప్పండి" అని నా చెవిలో గొణిగాడు. నేను సరేనన్నాను. తొందరగా అయిపోతుంది కదా అని నా ఆలోచన. సిస్టరుగారు సిరంజి పక్కన పెట్టేసింది. "ఎందుకో చెప్పకుండా గుచ్చితే అది వైద్యం కాదు బాబూ. నువ్వే చెప్పు. చెప్పిందాకా నేను బయటుంటాను" అని పరదా వేసి వచ్చేసింది. లోపల్నుంచి ఏడుపు వినపడింది, తిట్లు వినపడ్డాయి. తర్వాత ఆ అమ్మాయే పరదా తీసి, "వెయ్యండమ్మా" అని చెయ్యి చాపింది. వెళ్ళేటప్పుడు మొగుడి ముందు నడిచింది.

ఇంకో రెండు పద్ధతులు పెట్టింది ఆవిడ. వాటి కోసమే ఇదంతా రాస్తున్నాను.

మొదటిది మగ్గు. నా కుడిచేతి పక్కన ఎనామిల్ మగ్గులో మందునీళ్ళుండేవి. ఎవరు సూది వాడితే వాళ్ళే, ఆ క్షణానే, దాన్ని ఊడదీసి అందులో వెయ్యాలి. బల్ల మీద పెట్టకూడదు. దూదిలో కలపకూడదు. సూది పడితే టింగుమని చిన్న చప్పుడు వచ్చేది. పరదా వెనక స్టవ్వు దగ్గరున్న ఆవిడ ఆ చప్పుడు విని వచ్చి ట్రే తీసుకుపోయేది. వినపడకపోతే అక్కణ్ణించే, "చప్పుడు రాలేదండీ డాక్టరుగారూ!" అని కేకేసేది. పేషెంటు ఎదురుగా అలా అంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

రెండోది పొరపాట్ల పుస్తకం. మామూలు వంద పేజీల నోటుబుక్కే. ఎవరు తప్పు చేస్తే వాళ్ళే అందులో వాళ్ళ చేత్తో రాయాలి. రాసిన తప్పుకి తిట్లు లేవు, రాయని తప్పుకే తిట్లు. "రాస్తే అది ఇంకొకళ్ళకి పనికొస్తదండి. దాస్తే మళ్ళీ మనకే జరుగుద్ది" అనేది. కాంపౌండరు రాశాడు, ఊడ్చే అమ్మ చెబితే ఆవిడే రాసి వేలిముద్ర వేయించింది. ఎక్కువ భాగం ఆవిడ రాసినవే: మూత సరిగా పడలేదు, గడియారం ఆగింది చూడలేదు, ఇలాంటివి. ఇన్నేళ్ళలో నేను రాసింది ఒక్క ముక్క లేదు. డాక్టర్ని, నేను రాయడమేమిటి?

పోయిన ఎండాకాలంలో ఒక రోజు. కరెంటు లేదు, ఫాన్లు తిరగడం లేదు, వరండా నిండా జనం. నేను ఒకాయనకి ఇంజక్షను చేసి, ఆయన ఏదో అడిగితే విసుగ్గా జవాబు చెబుతూ, సూదిని ట్రేలో దూది మీద పడేశాను. దాని మీద ఇంకో దూది పడింది. పరదా వెనక నుంచి కేక వచ్చింది, "చప్పుడు రాలేదండీ డాక్టరుగారూ!"

"వేశానమ్మా! మీ చెవులు పనిచెయ్యకపోతే నేనేం చెయ్యను?" అన్నాను.

అబద్ధం. పేషెంటు నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ నా మాట నమ్మి వచ్చి ట్రేలో దూది చేత్తో తీసింది. "అమ్మా" అని కూడా అనలేదు, చెయ్యి వెనక్కి లాక్కుంది, అంతే. చూపుడువేలు నుంచి రక్తం కారింది. కుళాయి కింద పెట్టి పిండి కడుక్కుని, అయొడిన్ రాసుకుంది. నేను వెనకాలే వెళ్ళి నిలబడ్డాను. "ఏం కాదులెండి. బయట జనం ఉన్నారు, పోయి చూడండి" అంది. నేను పోయి చూశాను. ఆ ఇంజక్షను చేయించుకున్న మనిషి కళ్ళు కామెర్లతో పచ్చగా ఉన్నాయో లేదో నేను చూడలేదు. ఆయన పేరు మా దగ్గర లేదు, ఊరు లేదు. మళ్ళీ రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆవిడ వచ్చి స్టవ్వు దగ్గరికి పోకుండా నా గది గుమ్మంలోనే ఆగిపోయింది. "నా కళ్ళు చూడండి" అంది. పసుపు. "ఇంక నేను సూదులు ముట్టుకోకూడదండి" అని, గొడుగు తీసుకుని, కాంపౌండరుకి ఇరవై నిమిషాల సంగతి మళ్ళీ ఒకసారి అప్పగించి వెళ్ళిపోయింది. ఆవిడ నాకు చూపించుకోవడానికి వచ్చిందనుకున్నాను. కాదు, సెలవు చెప్పడానికి వచ్చింది.

పెద్దాసుపత్రిలో చేర్పించాం. ఆ కామెర్లు ఆ సూది వల్లే వచ్చాయని కోర్టులో రుజువు చెయ్యమంటే చెయ్యలేను. కానీ నేను డాక్టర్ని, సూది గుచ్చుకున్నాక ఎన్నాళ్ళకి కామెర్లు బయటపడతాయో లెక్కపెట్టడం వచ్చు. నాలుగుసార్లు చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ దారిలో అనుకునేవాణ్ణి, ఇవాళ చెప్పాలి, ఆ రోజు అబద్ధమాడానని చెప్పాలి అని. మంచం పక్కన కూర్చోగానే ఆవిడే మొదలుపెట్టేది.

"పొద్దున నీళ్ళు ఎవరు పెట్టారండి?"

"నేనే పెట్టాను."

"ఇరవై నిమిషాలూ ఉన్నారా?"

"ఉన్నాను."

"మూత తియ్యలేదుగా?"

"తియ్యలేదమ్మా."

"మంచిదండి" అని కళ్ళు మూసుకునేది. నా మాట నమ్మేది. అంత జరిగినా మళ్ళీ నా మాటే నమ్మింది. నేను లేచి వచ్చేసేవాణ్ణి. చెప్పలేదు. పిరికిపందని, చెప్పలేదు.

సమాధుల తోటకి చర్చివాళ్ళు కొద్దిమంది వచ్చారు. పాట పాడుతూంటే నేను గేటు వైపు చూశాను. రోడ్డుకి అవతల, టీ బంకు దగ్గర, కిళ్ళీకొట్టు పక్కన, ఆగిన లారీ నీడలో మనుషులు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరుగా, ఎడంగా, తలకి తువ్వాళ్ళు చుట్టుకుని. ఒకరినొకరు చూడటం లేదు. గుడివాడ కామందుని గుర్తుపట్టాను. ఆయనా నన్ను చూశాడు. నేను పలకరించలేదు. ఆవిడ నేర్పిన పద్ధతి ఒక్కసారన్నా సరిగ్గా పాటించాను. మంగళగిరి అమ్మాయి ఒక్కతే లోపలికి వచ్చి, గుప్పెడు మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం క్లినిక్‌కి వచ్చి పొరపాట్ల పుస్తకం తీశాను. ఆ రోజు పేజీలో ఆవిడ గుండ్రటి అక్షరాలు. "ట్రేలో దూది తీస్తూండగా కుడి చూపుడువేలికి సూది గుచ్చుకుంది. చప్పుడు వినకుండానే చెయ్యి పెట్టాను. పొరపాటు నాది." కింద సంతకం.

నాకు ఏడుపు ఆగలేదు. నన్ను కాపాడటానికి రాసిందా, నిజంగానే అలా అనుకుందా, ఇక అడగడానికి మనిషి లేదు. చాలాసేపటికి కలం తీసి ఆ వాక్యం కింద రాశాను: "పొరపాటు ఆవిడది కాదు. నేను సూది మగ్గులో వెయ్యలేదు. వేశానని అబద్ధం చెప్పాను." సంతకం పెట్టాను. ఆ పుస్తకంలో నా చేతిరాత అదొక్కటే. అక్కడ రాస్తే నలుగురే చూస్తారు, అందుకని ఇక్కడ మీకూ చెబుతున్నాను.

మర్నాడు స్టవ్వుకి కొత్త ఒత్తులు వేశాను. నీళ్ళు తెర్లాక గడియారం చూసుకుంటూ ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. మొదటి నంబరు పిలిచి, టెస్ట్ డోసు వేసి, అరగంట ఆగి ఇంజక్షను చేశాను. సూది ఊడదీసి మగ్గులో వేశాను. టింగుమంది. చెయ్యి అలాగే మగ్గు మీద ఉంచి పరదా వైపు చూస్తూ నిలబడిపోయాను.

"అయిపోయిందాండీ? లేవొచ్చా?" అని అడిగాడు బల్ల మీద మనిషి.