ఆముదం తాగిన కారు

మొన్న మనవరాలి మాడుకు పెడదామని ఇనుప గంటెలో ఆముదం కాచుతూ పొయ్యి మీద మరిచిపోయాను. నూనె మాడి, తియ్యగా గొంతుకు అడ్డం పడే పొగ లేచింది. పిల్ల ముక్కు మూసుకుని పారిపోయింది. నేను మాత్రం గోదావరిఖనిలో టింబర్ డిపో వెనక, జలీల్ కాక రేకుల షెడ్డు ముందు నిలబడిపోయాను. ఆ షెడ్డులో తయారైన పందెపు కారును జలీల్ కాకే పాడుచేశాడని మా పాత కాలనీవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధమని ఎరిగినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. అందుకే రాస్తున్నాను.

మా నాయిన పోశం బొగ్గుబాయిలో, అంటే గనిలో, హాలేజీ ఇంజన్ నడిపేవాడు. బొగ్గు తొట్లను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం అది. డ్యూటీ దిగి, చెవుల్లో నల్లటి మసి అలాగే ఉండగా, నేరుగా తన దోస్తు జలీల్ కాక షెడ్డుకు పోయేవాడు. వానాకాలంలో వీధి కాలువలు సిరాలా పారేవి, ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. కాక కూతురు కౌసర్, నేను ఆ షెడ్డు గచ్చు మీద కచ్చకాయలు ఆడుతూ కూర్చునేవాళ్ళం. బతుకమ్మకు మా ఇంటి మలీద ముద్దలు వాళ్ళకు, రంజానుకు వాళ్ళ షీర్‌ఖుర్మా మాకు, మూత పెట్టిన గిన్నెల్లో నడిచేవి.

గనులకు దుంగలు అమ్మే డిపో సేటు ఎక్కడినుంచో పాత విదేశీ కారొకటి కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, తీగల చక్రాలు, తుప్పు. ఆ కారు కొత్తలో పందేలకు ఎలా దిగిందో అచ్చం అలాగే చెయ్యాలన్నాడు. చేస్తే మద్రాసు పందేలకు మెకానిక్కుగా కాకనే వెంట తీసుకుపోతానన్నాడు. ఆ మాటతో కాక నడకే మారింది. లారీల కింద పడుకుని రిపేర్లు చేసి బతికిన మనిషికి, పందెం దారి పక్కన పానా పట్టుకుని నిలబడడమే బతుకంతటికీ ఒక్క కోరికైంది.

ఆ కారుకు చేసిన పనుల అర్థమేమిటో నాకప్పుడు తెలియదు. తర్వాత లైబ్రరీలో నాకు నేనుగా చదివి తెలుసుకున్నాను, ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం. బంపర్లు తీసేశారు, ముందున్న పెద్ద అద్దం పీకి అరచందమామలాంటి చిన్న గాజు బిగించారు, బరువు తగ్గడానికి పెడళ్ళకు రంధ్రాలు వేశారు. చాయ్ హోటల్ మల్లన్న రోజూ వచ్చి దెప్పేవాడు.

"గిదేంది జలీలూ, మంచి పెడలును జల్లెడ చేస్తున్నవ్?"

"బరువు తగ్గాలె మల్లన్నా. నిన్ను కూసోబెడ్తె మల్లా గిన్ని బొక్కలు పెట్టాలె."

ఆ కాలపు పందెపు ఇంజన్లు లోపల అరగకుండా ఆముదమే తాగేవట, సేటు అదే పోయించాడు. "ఆముదం తాగితే నేను గూడ ఉరుకుత," అన్నాడు మల్లన్న. బానెట్ పైకి లేవకుండా పట్టీ కావలసి వస్తే, బాయిలో లైటు బ్యాటరీ కట్టుకునే తన పాత తోలు బెల్టు నాయిన ఇచ్చాడు.

దసరా నాడు కారు మొదటిసారి బయటికి రావాలి. బాయిలో ఆ రోజు యంత్రం నడిపేవాడు పూజకు ముందు దానికి దోసెడు నూనె పోస్తాడు. యంత్రం ఉపాసం ఉండకూడదని. కాక స్నానానికి పోయిన వేళ, నాయిన తువాలు కింద దాచి తెచ్చిన హాలేజీ నూనె డబ్బా తీశాడు. లోకంలో అంతకన్న మంచి నూనె లేదని ఆయన నమ్మకం. దోసెడు కాదు, ప్రేమకొద్దీ నేను చూస్తుండగానే డబ్బా అంతా ఇంజన్లోకి వొంపి, "తాగు తల్లీ" అన్నాడు.

కాలనీ అంతా రోడ్డు మీదికొచ్చింది. కాక కొత్త అంగీ తొడుక్కుని స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన సేటు. చౌరస్తా దాటాక ఇంజన్ ఒక్క అరుపు అరిచి పట్టేసింది. కిందినుంచి చాంబర్ విప్పితే నూనె హల్వాలా ముద్దగా జారింది. కాక దాన్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, చెయ్యి తుడుచుకున్నాడు.

"ఏం కలిపినవ్‌రా?" అన్నాడు సేటు.

కాక వంగి, విప్పిన బోల్టులు ఏరుకున్నాడు. నాయిన పక్కనే ఉన్నాడు.

షెడ్డు డిపో స్థలంలోదే, ఖాళీ చేయించారు. కాకవాళ్ళు రామకృష్ణాపూర్‌కు బస్సెక్కిన రోజు నాయినకు సెలవు. అయినా అన్నం గిన్నె కట్టుకుని బాయికి పోయాడు.

ఆముదం, గని నూనె కలవవని, కలిపితే జిగురు కడతాయని పెద్దయ్యాక పాత కార్ల పుస్తకంలో చదివి, నాయిన ముందు పెట్టాను. అప్పటికి జలీల్ కాక లేడు. నాయిన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఆ నూనె బాయిది బిడ్డా. బయటికి తెచ్చిన్నంటే డ్యూటీ పోతుండె. మీ కడుపులు ఎవలు సూస్తుండె?" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, పోయేదాకా.

ఈ మధ్య కౌసర్ ఇంటికి వెళ్ళి నాయిన చేసింది చెప్పాను. ఆమె చాయ్ వడబోస్తూనే ఉంది.

"అబ్బాకు వాసనతోనే ఎరుకైంది, అది బాయి నూనె అని."

"మరి సేటుకు ఎందుకు చెప్పలే?"

"మీ నాయినే చెప్తడని సూసిండు. బస్సు కదిలేదాక కిందనే నిలవడ్డడు."

గోడకు మేకు మీద నాయిన ఇచ్చిన ఆ తోలు బెల్టు వేలాడుతోంది. బకిలు తుప్పు పట్టింది.

షెడ్డున్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. కారు ఎవరి దగ్గరుందో తెలియదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి సాయపడ్డ కౌసర్‌కు, నవ్వులన్నీ గుర్తుచేసిన మల్లన్నకు, అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన లైబ్రరీ సుగుణక్కకు, తన పేరు రాయొచ్చునో లేదో నేనిక అడగలేని జలీల్ కాకకు నా దండాలు. మా నాయిన పోశం పేరు కూడా ఇక్కడ చేర్చాలని కూర్చున్నాను. ఏ సాయానికని రాయాలో తోచక లేచాను.