ఆరడుగుల మడి

శంషాబాద్ బస్సులో కూర్చుని, చలికాలం కూరగాయల కోసం ఎత్తు మడుల లెక్క వేసుకుంటున్నాను. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, అడుగు ఎత్తు. మడికి డెబ్బై రెండు ఘనపుటడుగుల మట్టి కావాలి.

తుక్కుగూడలో ఎక్కి నా పక్కన కూర్చున్న ఒకామె నా నోట్‌బుక్‌లోకి చూసి, "ఆరడుగుల ఎడల్పా?" అని అడిగింది. అవునన్నాను.

ఆమె చెయ్యి ముందుకు చాచింది. "నా చెయ్యి గింతే పోతది సారూ. నడుమల గడ్డి ఎట్ల తియ్యాలె?"

ఆమె ఒక ఫామ్‌హౌస్ తోటలో పనిచేసేదట. అక్కడి మడులూ ఆరడుగులే. కలుపు తీయడానికి మడిలో కాలు పెట్టి మట్టిని గట్టిపరిచిందని, రేపటి నుంచి రావద్దన్నారట.

"వెడల్పు తగ్గించమని ముందే చెప్పాల్సింది కదమ్మా," అన్నాను.

"చెప్పిన. కాగితంల గట్లనే ఉన్నదన్నడు తోట చూసుకునేటాయన. కాలు పెట్టకుంట ఎగురాల్నా? గీసినోడు మంచిగనే ఉన్నడు. తొక్కినదాని పని పోయింది."

నేను మళ్లీ లెక్క చూసుకున్నాను. గుణకారంలో తప్పు లేదు.

ఇప్పుడు మా మడుల వెడల్పు మూడడుగులే. కొలత బాగా ఆలోచించి పెట్టారని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట ముందు చెప్పిన మనిషిని పనిలోంచి తీసేశారు.