నర్సమ్మగారు ఇచ్చిన దూరపు పేర్లు

నర్సమ్మగారు పోయారన్న కబురు కళ్లంలో ఉండగా వచ్చింది. ఆరిన మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాం. ఈ ఏడు తాలు ఎక్కువ, ఏరినకొద్దీ వస్తూనే ఉంది. పక్క కళ్లంలో పని చేసుకుంటున్న ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "నర్సమ్మగారు పోయారంట వదినా. పొద్దున టీ తాగి పడుకున్నారంట, మళ్లీ లేవలేదంట" అంది.

నేను వెంటనే లేవలేదు. ఏడుపూ రాలేదు. ఒళ్లు బాగా అలిసి ఉంటే దుఃఖం కూడా ఆలస్యంగా వస్తుంది కాబోలు. ముందున్న కుప్ప ఏరడం అయ్యాక చేతులకి కొబ్బరినూనె రాసుకుని, కడుక్కుని, మా ఆయన దగ్గరకి వెళ్లాను. "సాయంత్రం భూస్థాపన అంట. వెళ్దాం" అన్నాను. ఆయన తలూపారు.

ఆవిడ గురించి మీకు చెప్పాలంటే ముందు సిస్టరమ్మ గురించి చెప్పాలి. ప్రత్తిపాడు దాటాక ఒక మిషన్ ఆస్పత్రి ఉండేది. ఇప్పుడు లేదు. దాన్ని నడిపిన సిస్టరమ్మది ఐర్లండ్. ఐర్లండంటే లండన్ పక్కన పేట అనుకునేవాళ్లం మేం. నర్సమ్మగారు చిన్నతనంలోనే ఆ ఆస్పత్రిలో చేరి, అక్కడే పని నేర్చుకుని, ఆ సిస్టరమ్మ పక్కనే నర్సుగా స్థిరపడ్డారు. కాన్పు గదిలో ఎదురుచూపులు ఎక్కువ. ఆ ఎదురుచూపుల్లో ఇద్దరూ వరండా బల్ల మీద కూర్చుని పేర్లు చెప్పుకునేవాళ్లట. చుక్కమ్మ అంటే ఏమిటి అని సిస్టరమ్మ అడిగితే ఈవిడ చెప్పడం, మీ దేశంలో ఆ పేరుకి అర్థమేంటి అని ఈవిడ అడిగితే ఆవిడ చెప్పడం.

ఒకరోజు పెంటయ్య అనే పేరు దగ్గర ఆగారట. పెంట అంటే చెత్తకుప్ప అని తెలిసి సిస్టరమ్మ నమ్మలేదట. "ముందు పుట్టినోళ్లు పోతే అలా పెడతారమ్మా. పనికిరాని పేరు పెడితే వీణ్ణయినా చావు ముట్టుకోదని" అని నర్సమ్మగారు చెప్పారట. ఈ సంగతి నర్సమ్మగారు నాకు చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే.

అలా నేర్చుకున్న పేర్లని ఆవిడ ఊరికే ఉంచుకోలేదు. మా వీధిలో ఒకమ్మాయి పుట్టినప్పుడు, నల్లగా ఉందని వాళ్ల నాయనమ్మ గోడకి తిరిగి కూర్చుంది. "దీన్ని ఎవడు చేసుకుంటాడే" అని ఒకటే శోకాలు. నర్సమ్మగారు బిడ్డని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేసి, "నల్లరేగట్లో పత్తి పండించుకు తింటా నలుపంటే ఏడుస్తావేంటే? కీర అని పెట్టు. సిస్టరమ్మ వాళ్ల దేశంలో నల్లపిల్ల అని అర్థం. దేవుడి మనిషి ఒకావిడ పేరది" అన్నారు. ఆ పేరే నిలిచింది. బళ్లో పిల్లలు కీరదోసకాయ అని ఏడిపించారు గానీ, ఆ అమ్మాయి ఇప్పుడు గుంటూరులో టీచరు. ఎవరైనా అర్థం అడిగితే తడుముకోకుండా చెబుతుంది.

అన్నీ నిలవలేదు. మేవ్ అంటే మత్తెక్కించేది అని ఒక తల్లికి చెబితే, "మా ఇంట్లో మత్తుకేమన్నా కరువా నర్సమ్మా, మళ్లీ పిల్లక్కూడానా" అని ఆ తల్లి కుట్లు నొప్పెట్టేలా నవ్విందట.

ఆవిడ కూర్చోవడం నేను తక్కువ చూశాను. టీ కూడా నిలబడే తాగేవారు. "కూర్చుంటే లేవలేనమ్మాయ్" అనేవారు. కాళ్లు సాయంత్రానికి వాచిపోయి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడేవి. పడుకోండి కాసేపు అంటే, "పుట్టేవాళ్లకి మన అలసటతో పనేంటి" అనేవారు. అందులో గొప్పేమీ ఉండేది కాదు, విసుగు ఉండేది. ఆ విసుగుతోనే లేచి చేతులు మోచేతుల దాకా కడుక్కునేవారు.

నా మొదటి కాన్పు ఆవిడ చేతుల మీదే అయింది. నెలలు నిండకుండానే పుట్టింది నా కూతురు. పొద్దున పుట్టి, మధ్యాహ్నం దాటాక పోయింది. ఆ మధ్యలో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. పక్కగదిలో మా అత్తగారి మాటలు మాత్రం బాగా గుర్తు.

"మా అమ్మ పేరు పెడదామనుకున్నాం నర్సమ్మా. ఇప్పుడు ఈ బిడ్డకి వద్దులే. మళ్లీ పుట్టేదానికి ఉంచుదాం."

మా అత్తగారు చెడ్డమనిషి కాదు. బారసాల దాకా బతకని బిడ్డకి పేరెవరు పెడతారు? అందరి ఇళ్లలోనూ అంతే.

నర్సమ్మగారు బిడ్డకి స్నానం చేయించి, మెత్తని గుడ్డలో చుట్టి నా దగ్గరకి తెస్తున్నారు. మా అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడి, "చూపించకు. చూస్తే మరిచిపోలేదు" అన్నారు.

"మరిచిపోవడానికి కాదండీ చూపించేది" అని నర్సమ్మగారు పక్కనుంచి లోపలికి వచ్చేశారు.

బిడ్డని నా చేతుల్లో పెట్టి మంచం అంచున కూర్చున్నారు. ఆవిడ కూర్చోవడం ఆరోజే మొదటిసారి చూశాను. "పేరు లేకుండా ఎవర్నీ పంపకూడదమ్మాయ్. మీ వాళ్ల పేర్లేవీ వాడొద్దులే. దూరపు పేరొకటి ఇస్తా. దీనికి ఇంటిపేరంటదు, కులమంటదు. ఎవరి దగ్గర్నుంచీ లాక్కున్నట్టు ఉండదు." కాస్త ఆగి, "నీవ్" అన్నారు.

నాకు 'నీవు' అన్నట్టు వినిపించింది. నేనా అన్నట్టు చూశాను.

"నీవు కాదు, నీవ్. వెలుగని అర్థం. రాసేటప్పుడు వాళ్లు ఏవేవో అక్షరాలు పెడతారు, మనకెందుకు. పిలువు ఒకసారి."

పిలిచాను.

మా ఆయనా మా మామగారూ పాపని పొలం గట్టున పూడ్చి వచ్చారు. ఆ పేరు సంగతి నేను మా ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, మా అత్తగారి అమ్మ పేరు నీవ్ తర్వాత పుట్టిన అమ్మాయికి వచ్చింది. ఇంట్లో అందరూ నాకు ఇద్దరు పిల్లలనే లెక్క వేస్తారు. నేనూ అలాగే చెబుతాను. విడమరిచి చెప్పే ఓపిక ఉండాలి కదా.

నర్సమ్మగారు మాత్రం కనపడినప్పుడల్లా, కూరగాయల బండి దగ్గరైనా సరే, దగ్గరికొచ్చి నెమ్మదిగా ఆ పేరు ఒకసారి అనేవారు. అంతే, వెళ్లిపోయేవారు.

పోయిన ఏడాది నుంచి ఆవిడకి జ్ఞాపకం తప్పింది. వాళ్ల తమ్ముడి కూతురు చూసుకునేది. చిత్రమేమిటంటే పేర్లన్నీ గుర్తున్నాయి. ఎవరు బతికారో, ఎవరు పోయారో అదే కలిసిపోయింది. నేను వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నీవ్ ఏం చేస్తోంది?" అని అడిగారు.

ఆ పేర్ల సంగతులన్నీ ఆవిడ నోటే విన్న ఆ మేనకోడలు కంగారుపడి, "అత్తా, ఆ పాప..." అని మొదలుపెట్టింది. వద్దని సైగ చేశాను.

"బాగుందండీ" అన్నాను.

"చదువుతోందా?"

"అయిపోయింది. ఒంగోలులో ఉద్యోగం."

"రోజూ బస్సేనా? అలిసిపోతుంది. తిని పడుకోమను." కాసేపు నా మొహంలోకి చూసి, "కళ్లు నీ కళ్లే" అన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాను. ఇంకెప్పుడూ వెళ్లకూడదనుకున్నాను. మళ్లీ వెళ్లాను. అడిగినప్పుడల్లా ఇంకొంచెం చెప్పాను. సంబంధాలు చూస్తున్నామని, పులుపు బాగా తింటుందని. ఆవిడ వింటూ వింటూ నిద్రపోయేవారు.

సమాధుల దొడ్డిలో చాలామంది ఆడవాళ్లున్నారు. పెదకాకాని వైపు నుంచి కూడా వచ్చారు. మట్టి వెయ్యడానికి వరసలో నిలబడితే, నా పక్కన ఒక ముసలామె, ఎవరో నాకు తెలియదు, నాతోనో తనలో తనో అన్నట్టు, "మా వాడికి రోనన్ అని పెట్టిందమ్మా. ఒక్కరోజు బిడ్డ. సముద్రంలో ఈదే జంతువంట, దాని పిల్ల అని అర్థమంట. ఆ జంతువుని నేను ఏనాడూ చూళ్లేదు" అంది.

"మా అమ్మాయికి నీవ్" అన్నాను నేను. ఆ పేరు నర్సమ్మగారితో కాక వేరే ఎవరితోనైనా పైకి అనడం అదే మొదలు. ఆ ముసలామె నా భుజం పట్టుకుని మట్టి వేసింది. తర్వాత నేను వేశాను. మా ఆయన నా వెనకే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో మా ఆయన బండి పక్కకి తీసి ఆపారు. వెనక్కి తిరగకుండానే, "ఆమెతో ఇందాక ఏమన్నావు?" అని అడిగారు.

"మన పాప పేరు."

"పేరుందా?"

"ఉంది. నీవ్. వెలుగని."

ఆయన హ్యాండిల్ మీద చేతులు అలాగే ఉంచుకున్నారు. "ఇన్నేళ్లూ నేను దాన్ని ఊరికే పాప అనే అనుకుంటున్నా" అన్నారు. తర్వాత ఆ పేరు ఒకసారి పలికారు, కొత్త మందు పేరు పలికినట్టు, తప్పు రాకుండా.

పత్తి లారీ ఒకటి మమ్మల్ని దాటి పోయింది. పత్తి కుక్కిన బోరాలు రెండువైపులా ఉబ్బి రోడ్డంతా తనదే అన్నట్టు పోయింది. అది పోయిన తర్వాత చూస్తే పక్కనున్న తుమ్మచెట్ల ముళ్లకి తెల్లటి పింజలు చిక్కుకుని ఉన్నాయి. కొన్ని ఎప్పటివో, దుమ్ము పట్టి ఉన్నాయి. కొన్ని ఇప్పుడే అంటుకున్నవి, గాలికి ఊగుతున్నాయి. ఏదీ ఊడి పడటం లేదు. మా ఆయన బండి స్టార్ట్ చేయలేదు. చీకటి పడేదాకా ఇద్దరం వాటినే చూస్తూ ఉండిపోయాం.